నేను ఆపించిన షాపు, నాకే కావలసిన మందు

ఆ ఆదివారం నాకు శాలువా కప్పారు. అమెరికాలో, ఫీనిక్స్ పక్కనున్న మా ఊళ్లో పదకొండేళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నందుకు కాదు. మా తరగతికి దగ్గర్లో రాబోతున్న మెడికల్ కానబిస్ డిస్పెన్సరీని, అంటే గంజాయిని మందుగా అమ్మే షాపుని, ఆపించినందుకు. పేరెంట్స్ కమిటీ ప్రెసిడెంట్ ప్రసాద్ గారు మైకు పట్టుకుని "సుభద్రగారు మన పిల్లల పాలిట దుర్గమ్మ" అన్నారు. నేను కూడా అంతటిదాన్నేనని నమ్మి, తల వంచి వినయంగా నవ్వాను. తర్వాత భోజనాలు. పులిహోర రెండు ముద్దలు తినేసరికి పీకలదాకా తిన్నట్టయింది. సంతోషంతో కడుపు నిండిందనుకుని ప్లేటు పక్కన పెట్టేశాను.

ఆ సంతోషం ఎలాంటిదో ముందు చెప్పాలి. లేకపోతే తర్వాత నేను పడ్డ పాట్లు చదివి మీరు అనవసరంగా జాలిపడతారు.

అప్పట్లో మా రాష్ట్రంలో డాక్టర్ సర్టిఫై చేసి, ప్రభుత్వం కార్డు ఇచ్చిన పేషంట్లకే ఆ షాపుల్లో అమ్మేవాళ్లు. మా ఊరి జోనింగ్ రూలు ప్రకారం స్కూలుకి పావు మైలు లోపల అలాంటి షాపు పెట్టకూడదు. రోడ్డుకి అవతల మూతపడిన టైల్స్ షాపులో డిస్పెన్సరీ పెడతామని కారల్ అనే ఆవిడ అప్లై చేసింది. అరవై దాటిన మనిషి, రిటైరైన నర్సు. అసలైన స్కూళ్లన్నీ అక్కడికి చాలా దూరం. పావు మైలు లోపల ఉన్నది మా తెలుగు తరగతి ఒక్కటే. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా, డ్యాన్స్ స్టూడియోని అద్దెకి తీసుకుని నడిపేవాళ్లం. అదే వరసలో మా గదికి రెండు గుమ్మాల అవతల లిక్కర్ షాపు ఉంది. క్లాసు వదలగానే పిల్లల్ని కార్లో కూర్చోబెట్టి, నాన్నలు కొందరు అందులోకి వెళ్లొచ్చేవారు. దాని మీద మా కమిటీలో ఒక్క ముక్క కూడా రాలేదు.

డిస్పెన్సరీ మీద మాత్రం మా వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. మన సంస్కృతి, మన పిల్లలు, మన ఇళ్ల విలువ. ఈ మూడూ ఏ వరసలో రాస్తే బాగుంటుందో చర్చించి, ఇళ్ల విలువని చివరికి తోశాం. మా తరగతి కూడా స్కూలేనని ప్లానింగ్ కమిషన్ ముందు నిరూపించే పని నాకు అప్పగించారు.

నేను తక్కువ తినలేదు. అటెండెన్స్ రిజిస్టర్లు, సర్టిఫికెట్లు, వాటికి తోడు అక్షరాభ్యాసం ఫోటోలు పట్టుకెళ్లాను. పళ్లెంలో బియ్యం, చిన్న పాప వేలు పట్టుకుని 'ఓం నమః' రాయిస్తున్న నేను. "సర్, మా వాళ్లకి చదువు మొదలయ్యేది ఇక్కడే. ఇది స్కూల్ కాకపోతే ఇంకేది స్కూల్?" అన్నాను. కమిషన్ చైర్మన్ కళ్లజోడు సర్దుకుని ఆ ఫోటో వైపు చాలాసేపు చూశాడు. కారల్ లేచి "మా పేషంట్లలో ఎక్కువమంది క్యాన్సర్ వాళ్లు. మీ క్లాస్ ఆదివారమే కదా, ఆదివారం షాప్ తెరవను. రాసిస్తాను" అంది. నేను వెంటనే "మా పిల్లలు సోమవారం కూడా ఈ రోడ్డు మీదే వెళ్తారు" అన్నాను. హాలంతా చప్పట్లు. మా పిల్లలు ఆ రోడ్డు మీద ఎప్పుడు వెళ్లినా కారు వెనక సీట్లో ఐప్యాడ్‌లో తల దూర్చి వెళ్తారు. అక్కడ పులి కూర్చున్నా చూడరు.

అదీ నా విజయం. ఇక జబ్బు సంగతి.

శాలువా రోజు తర్వాత కడుపు ఉబ్బరం తగ్గలేదు. వాము నీళ్లు తాగాను, రాత్రి అన్నం మానేశాను. ప్రైమరీ కేర్ డాక్టర్ యాసిడిటీ అని మాత్రలిచ్చాడు. మా అత్తయ్య ఆ ఏడాది నరసరావుపేట నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడ నన్ను నిలువునా చూసి "అమ్మాయ్, మొహం చిక్కిపోతా ఉంది, పొట్ట మాత్రం పెరుగుతుందేందే? ఇది గ్యాస్ కాదు. ఇంకో డాక్టర్‌కి చూపించు" అన్నారు. పదో తరగతి దాకా చదివిన ఆవిడ కనిపెట్టింది, గోడ నిండా డిగ్రీలు తగిలించుకున్న ఆయన కనిపెట్టలేదు. అల్ట్రాసౌండ్, తర్వాత సీటీ స్కాన్, సీఏ-125 బ్లడ్ టెస్ట్. ఆంకాలజిస్ట్ కుర్చీ దగ్గరకు లాక్కుని చెప్పింది: "ఓవరీలో మాస్ ఉంది. పొట్టలో ఫ్లూయిడ్ ఉంది. సర్జరీ చేస్తాం, తర్వాత ఆరు సైకిల్స్ కీమో." స్టేజ్ త్రీ క్యాన్సర్. పక్కన మా ఆయన మోహన్ నోట్ చేసుకుంటానని ఫోన్ తీసి, ఏమీ రాయకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

సర్జరీ బాగానే జరిగింది. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు మొదలుపెట్టారు. మొదటి సైకిల్ ఎలాగో గడిచింది. రెండోదాని తర్వాత నీళ్లు కూడా కడుపులో నిలవలేదు. వాంతులు ఆగడానికిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ పనిచేయలేదు. ఒలాంజపిన్ ఇస్తే పగలంతా మత్తుగా పడి ఉండేదాన్ని, లేచాక మళ్లీ వాంతులు. పోపు వాసన తగిలితే చాలు, బాత్రూమ్‌కి పరుగు. అత్తయ్య వంటిల్లు వదిలేసి, గరాజ్‌లో చిన్న స్టవ్ పెట్టుకుని ఆ ఎండలో వండారు. మూడో సైకిల్‌కి వెళ్లినరోజు నర్స్ రెండుసార్లు బరువు చూసింది.

"I'm holding this cycle" అంది డాక్టర్. "బరువు ఇలా పడిపోతుంటే కీమో ఇవ్వలేను. ఆలస్యం చేస్తే క్యాన్సర్‌కి టైమ్ ఇచ్చినట్టే. తినడం కూడా ట్రీట్‌మెంటే." తర్వాత "మెడికల్ కానబిస్ ట్రై చేద్దామా? క్యాన్సర్‌ని ఏమీ చేయదు. వాంతులకి, ఆకలికి కొందరిలో పనిచేస్తుంది. నేను సర్టిఫై చేస్తాను. మీ ఇంటి దగ్గర డిస్పెన్సరీ ఉందా?" అని అడిగింది.

మోహన్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. "లేదు" అన్నాను. ఎందుకు లేదో చెప్పలేదు.

మేం అమెరికన్ సిటిజన్లం కాబట్టి ఆ షాపుకి వెళ్తే వీసా పోతుందన్న భయం లేదు. వీసా మీద, గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్లకి లెక్క వేరు. ఫెడరల్ చట్టం ఒప్పుకోదు కాబట్టి లాయర్‌ని అడక్కుండా ఆ గుమ్మం తొక్కకండి.

కార్డు వచ్చింది. అన్నిటికన్నా దగ్గరి షాపు ఫ్రీవే మీద ముప్పై ఎనిమిది నిమిషాలు. నేను ఆపించినది మా ఇంటికి నాలుగు నిమిషాలు. నేను డ్రైవ్ చేసే స్థితిలో లేను. చిప్ ప్లాంట్‌లో మోహన్ లీవంతా కీమో రోజులకే అయిపోయింది. అందుకని ప్రసాద్ గారి భార్య శ్రీలతకి ఫోన్ చేశాను. తొమ్మిదేళ్ల స్నేహం. వాళ్లూ సిటిజన్లే, కాబట్టి వీసా వంక కూడా లేదు.

"అక్కా, ఇంకెక్కడికైనా చెప్పు, పరిగెత్తుకుంటూ వస్తా. అక్కడికి మాత్రం వద్దక్కా. మా వ్యాన్ నెంబర్ ప్లేట్ అందరికీ తెలుసు కదా, పార్కింగ్ లాట్‌లో ఎవరైనా చూస్తే ప్రసాద్ పరువేం కావాలి?" అంది. సాయంత్రం గుమ్మం ముందు ఒక డబ్బా ఇడ్లీలు పెట్టి, బెల్ కొట్టకుండా వెళ్లిపోయింది. ఆ ఇడ్లీలు నేను తినలేనని ఆవిడకి తెలుసు.

చివరికి అత్తయ్య, నేను క్యాబ్‌లో వెళ్లాం. దారిలో రెండుసార్లు కవర్‌లో వాంతి. షాపులోకి కార్డు ఉన్నవాళ్లనే రానిస్తామన్నాడు సెక్యూరిటీ గార్డు. అత్తయ్య బయట కాలిబాట మీద గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఎండ నూట పది ఫారన్‌హీట్ దాటి ఉంటుంది. కౌంటర్ వెనక ఉన్న మనిషిని చూడగానే స్కార్ఫ్ నుదుటి మీదకి లాక్కున్నాను. కారల్. సొంత షాపు రాలేదు కాబట్టి అక్కడ ఉద్యోగం చేస్తోంది.

ఆవిడ నా స్కార్ఫ్ వైపు, ఐడీ వైపు చూసింది. గుర్తుపట్టింది. "Rice plate" అంది, అంతే. తర్వాత నాలుక కింద వేసుకునే చుక్కల సీసా తీసి, ఎన్ని చుక్కలు, ఎంతసేపటికి పనిచేస్తుంది, తల తిరిగితే ఏం చేయాలి, అన్నీ ఓపిగ్గా రెండుసార్లు చెప్పింది. బయట కూర్చున్నది ఎవరని అడిగి, అత్తయ్యకి చల్లటి నీళ్ల సీసా పంపింది. నన్ను నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది. అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అద్భుతమేమీ జరగలేదు. మొదటిరోజు తల తిరిగి మంచం పట్టుకుని కూర్చున్నాను. చుక్కలు తగ్గించాను. మూడోరోజు మధ్యాహ్నం చారన్నం కలిపి పెడితే సగం కంచం తిన్నాను. అత్తయ్య ఇంకో గరిటె వేయబోయి, ఆగి, కళ్లు తుడుచుకున్నారు. రెండు వారాల ఆలస్యంతో మూడో సైకిల్ ఇచ్చారు.

నాలుగో సైకిల్ తర్వాత సీసా అయిపోయింది. తీసుకెళ్లేవాళ్లు లేరు, క్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చోలేను, అత్తయ్యకి జ్వరం. రెండు రోజులు ఓర్చుకుందాంలే అనుకున్నాను. మూడోరోజు డీహైడ్రేషన్‌తో ఎమర్జెన్సీ రూమ్‌లో పడ్డాను. ఐవీ ఫ్లూయిడ్స్ పెడుతూ నర్స్ "మీ మందు తెచ్చుకోవడానికి ఎవరూ లేరా?" అంది. మా వాట్సాప్ గ్రూపులో వందమందికి పైనే ఉన్నారని చెప్పలేదు. ఆ వారం ఆ గ్రూపు నిండా నా కోసం శ్లోకాలు, చేతులు జోడించిన బొమ్మలు.

కారల్ అదే స్థలానికి మళ్లీ అప్లై చేసిందని తెలిసింది. మావాళ్లు మళ్లీ సంతకాలు మొదలుపెట్టారు. ఈసారి నేను వెళ్లాను, అవతలి పక్షాన. గుండు మీద స్కార్ఫ్ కట్టుకుని మైకు ముందు నిలబడి "అది స్కూల్ కాదు. లైసెన్స్ లేదు. అద్దె గది, వారానికి రెండు గంటలు. నేను టీచర్ ట్రైనింగ్ అయినదాన్ని కాదు" అన్నాను. పదకొండేళ్లు ప్రాణం పెట్టిన పనిని నా నోటితో నేనే కొట్టిపారేశాను. వెనక వరసలో నా దగ్గర అచ్చులు నేర్చుకున్న పిల్లల తల్లిదండ్రులు. ఒక్కరూ తలెత్తలేదు.

చైర్మన్ పాత కాగితాలు తిరగేశాడు. "మేడమ్, పోయినసారి ఇది స్కూల్ అని ఫోటోలతో సహా చెప్పింది మీరే కదా?"

"నేనే."

"మరి ఏసారి నిజం చెప్పారు?"

"పోయినసారి నాకు ఆకలి వేసేది సర్" అన్నాను. ఇంతకన్నా మంచి జవాబు నాకిప్పటికీ దొరకలేదు.

ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాం. రికార్డులో ఒకసారి స్కూలని ఎక్కింది కాబట్టి స్కూలేనట. మర్నాడు నన్ను గ్రూపులోంచి తీసేశారు. "రెస్ట్ తీసుకోండి మేడమ్" అని ప్రసాద్ గారి మెసేజ్ వచ్చింది. అయిదు నెలల తర్వాత తెలుగు తరగతి ఇంకో చోటికి మారింది. కారణం, పార్కింగ్ చాలట్లేదు. ఇంత పోరాడి కాపాడుకున్న పవిత్ర స్థలాన్ని పార్కింగ్ కోసం వదిలేశారు. అప్పటికే ఆ టైల్స్ షాపు స్థలంలో ఎలక్ట్రానిక్ సిగరెట్లమ్మే వేప్ షాపు తెరిచారు. రంగురంగుల లైట్లు, మామిడిపండు ఫ్లేవర్లు. దానికి దూరం రూలు లేదు కాబట్టి సంస్కృతికి దెబ్బ తగల్లేదు.

నా ఆరు సైకిల్స్ పూర్తయ్యాయి. ఇప్పటికి అయిదేళ్లు దాటింది. సీఏ-125 నార్మల్‌గానే ఉంది. కాలివేళ్ల తిమ్మిరి మాత్రం పోలేదు. చట్టం మారి ఇప్పుడు పెద్దవాళ్లెవరైనా కొనుక్కోవచ్చు గానీ, మా ఊళ్లో మాత్రం ఇప్పటికీ అలాంటి షాపు లేదు.

మొన్న శ్రీలత ఫోన్ చేసింది. ప్రసాద్ గారికి కోలన్ క్యాన్సర్, కీమో నడుస్తోంది, నాలుగు రోజులుగా ఏమీ తినట్లేదు. "అక్కా, ఆ డ్రాప్స్ నువ్వే తెచ్చిపెడతావా? నువ్వైతే ఎవరూ ఏమనుకోరు" అంది. అడిగిన తీరుకి ఒళ్లు మండింది. ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. అత్తయ్య గొడుగు గుర్తొచ్చి పెట్టలేదు.

"ఆయన ఒంటికి తగ్గ డోస్ ఆయనే అడిగి తెలుసుకోవాలి. డాక్టర్‌ని అడిగి, రేపు పదింటికి రెడీగా ఉండమను" అన్నాను.

ప్రసాద్ గారు నా కారు వెనక సీట్లో, అద్దంలోంచి ఎవరికీ కనపడకుండా జారి కూర్చున్నారు. ఏసీ తగ్గించినా వణుకుతున్నారు. డిక్కీలో ఉన్న శాలువా తీసి కప్పాను. కీమో గదిలో నేను కప్పుకున్నదీ అదే. "ఇది ఎక్కడో చూసినట్టుందమ్మా" అన్నారు. "మీరు నాకు కప్పిందే" అన్నాను. ఆయన దాన్ని గడ్డం దాకా లాక్కుని, సీట్లో ఇంకాస్త కిందికి జారారు.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. కీమో మొదలవకముందే ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసి డాక్టర్ దగ్గర పెట్టండి. వాంతుల మందు పనిచేయకపోతే తర్వాత ఏమిటి? అది ఎక్కడ దొరుకుతుంది? అక్కడికి నన్ను ఎవరు తీసుకెళ్తారు? మొదటి రెండింటికీ డాక్టర్ జవాబిస్తుంది. మూడోదానికి మీరే ఒక మనిషి పేరు రాసుకోవాలి, ఆ మనిషిని ముందే అడిగి మరీ రాసుకోవాలి. తిరిగొస్తూ ప్రసాద్ గారికి ఇదే చెప్పాను. ఆయన షాపు వాళ్లిచ్చిన కవరు మీద, నన్ను అడగకుండానే నా పేరు రాసుకున్నారు.