రాయి మీద కుదిరిన ఫోకస్

స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసే ఆవిడను వీధి వీధంతా ‘కదలకమ్మ’ అంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవిడ నోట వచ్చేది ఆ ఒక్క మాటే మరి: కదలకండి. అలాంటి మనిషికి ఆదివారం వచ్చేసరికి ఏం పూనేదో, క్షణం కుదురుగా నిలబడని నీటిపిట్టల వెంట పడేది. మూతబడ్డ ఇటుకల బట్టీ వెనక మడుగులో ఎర్రటి పొడుగు కాళ్ల పిట్టలు దిగేవి.

వాటిని తీయడమంటే మాటలా! పిట్ట ముక్కు నీళ్లలో పొడిచి ఎత్తేలోపు కెమెరా ఏ నీటి మెరుపునో పట్టుకుని కూర్చుంటుంది. ఇంటికొచ్చి చూస్తే అలలు స్పష్టంగా ఉంటాయి, పిట్ట పొగలా ఉంటుంది. అందుకే ఆవిడ బురదలో బోర్లా పడుకుని, ఫోకస్ చుక్కను పిట్ట కంటి మీద నిలిపి, అది నడిచినంత మేరా కెమెరాను దానితోపాటే మెల్లగా తిప్పడం నేర్చుకుంది. కన్ను కుదిరితే చాలు, రెక్క కాస్త చెదిరినా ఫోటోకి ప్రాణం ఉంటుంది. “ముందు నిన్ను ఉతకాలా, నీ బట్టలు ఉతకాలా?” అని భర్త ఏడిపించేవాడు.

ఆ ఏడు ఒక జంట మడుగు మధ్య మట్టిదిబ్బ మీద గుడ్లు పెట్టింది. పిల్లలు బయటికొచ్చి తల్లి వెనకే నీళ్లలో తొలి అడుగులు వేస్తుంటే ఫోటో తీయాలని ఆవిడ ప్రాణమంతా అక్కడే పెట్టుకుంది. చోటు ఎవరికీ చెప్పలేదు, ఒక్క మరిదికి తప్ప. ఇంటివాడే కదా అనుకుంది. చేసిన తప్పల్లా అదే.

మరిది ఫోటోల క్లబ్బుకి కార్యదర్శి. మరుసటి ఆదివారం వెంటబడి వచ్చాడు. కాసేపు కూర్చున్నాడో లేదో కాళ్లు పీకడం మొదలైంది.

“ఎంతసేపని వదినా? ఈ మహాతల్లి లేచేలా లేదు.”

“గుడ్ల మీదుంది, ఎందుకు లేస్తుంది? నోర్మూసుకుని కూర్చో.”

చెప్పిన మాట వింటే వాడు మరిది ఎందుకవుతాడు! ఆవిడ పిట్ట కంటి మీద గురి పెట్టి బటన్ నొక్కబోతుండగా పక్క నుంచి రాయి విసిరాడు. విసిరిన చేత్తోనే కెమెరా ఎత్తుకున్నాడు. పిట్ట అరుస్తూ లేచింది. ఇద్దరి కెమెరాలూ టకటకలాడాయి.

“నీకు బుద్ధుందా? అన్నమే తింటున్నావా? ఈ ఎండకి గుడ్లు ఉడికిపోవూ!”

“అబ్బ, తగల్లేదుగా వదినా! పిట్టన్నాక ఎగురుతుంది, మళ్లీ వాలుతుంది. ఇది చూడు, ఎంత షార్పుగా వచ్చిందో!”

వాలలేదు. తాము పోతే వాలుతుందేమోనని ఆవిడ మరిదిని చెయ్యి పట్టి ఈడ్చుకుపోయింది. మర్నాడు తెల్లారగానే పరుగున వెళ్లి చూస్తే దిబ్బ మీద కాకులు, వాటి కాళ్ల కింద పెంకులు. గట్టు మీద కూలబడి భోరున ఏడ్చింది. పిట్ట కోసం ఇంత ఏడుపా అని ఆ పూట ఎవరైనా అని ఉంటే చెప్పు తీసుకునేదే.

తన ఫోటో చూసుకుంటే ఒళ్లు మండిపోయింది. కెమెరా పిట్టను వదిలేసి, అడ్డొచ్చిన రాయిని పట్టుకుంది. రాతి గరుకు, అంటిన మట్టి, అన్నీ గీసినట్టున్నాయి. వెనక పిట్ట తెల్లటి మరక.

క్లబ్బు ప్రదర్శనలో మరిది ఫోటో ఎదురు గోడకెక్కింది. ఆవిడ పట్టుబట్టి తనది దాని పక్కనే తగిలించింది.

“ఫోకస్ తప్పింది వదినా, పరువు పోతుంది. తీసేద్దాం.”

“ఎవరి పరువు?”

మరిది తన ఫోటో చూసేవాళ్ల దగ్గరికి జారుకున్నాడు. జనం అతని ఫోటో ముందు ఆహా ఓహో అన్నారు, ఆవిడ ఫోటో చూసి పాపం కుదరలేదని జాలిపడి పక్కకు జరిగారు. ఇంతమంది కళ్లున్నవాళ్లలో ఒక్కరికైనా ఆ రాయి ఎక్కడి నుంచి వచ్చిందన్న అనుమానం రావద్దూ!

సాయంత్రం మరిది ఉబ్బితబ్బిబ్బవుతూ వచ్చాడు.

“ఈ చోటెక్కడో చెప్పమని అందరూ ప్రాణం తీస్తున్నారు వదినా. నీకు మాటిచ్చాను కదా, చెప్పలేదు.”

“చెప్పెయ్ బాబూ,” అంది ఆవిడ. “అందరికీ చెప్పెయ్. ఇంక అక్కడ దాచడానికేముంది?”