నూట అయిదు పైన, తొంభై తొమ్మిది కింద

నాచారంలో గాజు సీసాల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని నాది. దసరాకు ఆయుధపూజ నాడు అక్కడ మెషిన్లన్నీ ఆపేసి, తుడిచి, కుంకుమ పెడతారు. ఏడాదంతా ఆగని కంప్యూటర్ కూడా ఆ ఒక్కరోజు ఆగుతుంది.

పోయిన దసరాకు ముందురోజు, సీసాల్లో పగుళ్లు పట్టే కెమెరా కంప్యూటర్‌లో జాగా నిండిపోయిందని పాత కెర్నెల్స్ తీసేయడానికి కూర్చున్నాను. కెర్నెల్ అంటే కంప్యూటర్‌ను లేపి నడిపించే మూల ప్రోగ్రామ్. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కొత్తది ఇంకో ప్యాకేజీగా పక్కన చేరుతుంది, పాతది పోదు. పేరు ఒకటే, 5.15.0 దాకా అంకెలూ ఒకటే, గీత తర్వాతి నంబరే మారుతుంది. జాబితాలో 105 పైన ఉంది, 99 అట్టడుగున ఉంది. కంప్యూటర్ మొదటి అంకె చూసి పేర్చింది మరి, తొమ్మిదికంటే ఒకటి ముందు. కిందున్నదే కొత్తదనుకుని మిగతావన్నీ తీసేశాను. నడుస్తున్న కెర్నెల్‌నే తీసేస్తున్నావు, ఆపమంటావా అని అది అడిగింది కూడా. సరిగ్గా చదవకుండానే వద్దని కొట్టి, ఉప్పల్ బస్సెక్కాను. పదేళ్ల అనుభవమని గొప్పలు చెప్పుకునే మొహం నాది.

పూజయ్యాక స్విచ్ వేస్తే కంప్యూటర్ 99తో లేచింది. కెమెరాను కంప్యూటర్‌తో పలికించే ప్రోగ్రామ్, డ్రైవర్ అంటారు దాన్ని, 105 కోసమే తయారు చేసింది కాబట్టి కెమెరా పనిచేయలేదు. ఆ మెషిన్ నడిపే అక్క, జనగామ వైపు మనిషి, అంతకు కాసేపటి ముందే పూజలో ఆ కంప్యూటర్ మీద కొబ్బరినీళ్లు చల్లింది.

"నీళ్లు లోపటికి పోయినయ్. గా డబ్బా మీద సల్లమని ఎవరు జెప్పిన్రు నీకు?" అని సూపర్‌వైజర్ అందరి ముందూ అరిచాడు.

"జరంతనే సల్లిన సార్," అంటూ ఆమె కొంగుతో డబ్బా తుడుస్తూనే ఉంది.

స్క్రీన్ మీద 99 చూడగానే నాకు సంగతి అర్థమైపోయింది. గొంతు పెగల్లేదు. అలా చెప్పుకోవడమూ అబద్ధమే, కావాలనే నోరు మూసుకున్నాను. గంటలో 105ను, దాని డ్రైవర్‌ను మళ్లీ ఎక్కించి కెమెరా లేపాను. అక్కను మాత్రం ఆ మెషిన్ నుంచి తీసి ప్యాకింగ్‌లో వేశారు. ఆమె నాకు దండం పెట్టి, "నువ్వు లేకుంటే నా నౌకరి పోతుండె సార్," అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్పలేదు.

ఈ దసరాకు ఆమె కుంకుమ గిన్నె పట్టుకుని అన్ని మెషిన్లకూ బొట్టు పెడుతూ వచ్చి, ఆ కంప్యూటర్‌కు నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. గిన్నె నా చేతికిచ్చింది.

"దీనికి నువ్వే వెట్టు సార్. నా చెయ్యి మంచిది గాదు."

పెట్టాను.