మంగళవారం ఆరింటి ఫోను

మా మేనకోడలు ఇప్పటికీ ఆసుపత్రి ఫార్మసిస్టునే తిడుతుంది. "వారం వారం ఫోన్ చేసి ఆవిడ ఏం కనుక్కుంది మావయ్యా?" అంటుంది. రెండేళ్ళుగా తలవంచుకుని వింటున్నాను. ఇక వినలేను.

మా అక్క తణుకులో మా ఇంట్లోనే ఉండేది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి మూడు వారాలకోసారి రాజమండ్రిలో ఇమ్యూనోథెరపీ ఎక్కించేవారు. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందు అది. ఒక్కోసారి ఆ శక్తి మన పేగుల మీదికే తిరగబడుతుందని మొదటి రోజే చెప్పారు. అందుకే అక్కడి ఫార్మసిస్టు ప్రతి మంగళవారం ఫోన్ చేసేది. నేను బడి నుంచి వచ్చాకే చేయమన్నాను కాబట్టి సాయంత్రం ఆరింటికి, సరిగ్గా దీపం పెట్టే వేళకి చేసేది.

"అమ్మగారికి ఇవ్వండి మేష్టారూ."

"నాకు చెప్పండమ్మా, ఆవిడకి సరిగ్గా వినపడదు."

అక్కకి శుభ్రంగా వినపడేది. "చెవుడు కూడా అంటగట్టేశావేంట్రా నాకు!" అని నవ్వేది.

గడ్డ సగానికి తగ్గిందని స్కాన్‌లో తేలిన వారం. ఆ మంగళవారం పొద్దుటి నుంచీ అక్క ఆరుసార్లు దొడ్లోకి వెళ్ళింది. ఫోన్ మోగింది.

"విరేచనాలేమైనా అవుతున్నాయాండి? ఎన్నిసార్లు?"

ఫోన్లోని మాట వినపడి అక్క మంచం మీంచి రెండు చేతులూ ఎత్తి ఆరు వేళ్ళు చూపించింది. నేను ఫోన్‌కి చెయ్యి అడ్డుపెట్టి, "దీపాల వేళ రోగం మాట ఎత్తకే, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అన్నాను. అమ్మ చెప్పిన మాట, చిన్నప్పటి నుంచీ ఇద్దరం భయపడ్డ మాట. అక్క వేళ్ళు ముడిచేసింది.

"ఏమీ లేవండి. బాగానే ఉంది."

నేను భయపడింది దేవతలకు కాదు. విరేచనాలు పట్టుకుంటే తర్వాతి డోసు ఆపేస్తారని ఆ అమ్మాయే అంతకుముందు చెప్పింది. డోసు ఆగితే గడ్డ మళ్ళీ పెరుగుతుందని నా భయం. మందుల షాపులో బిళ్ళలు తెచ్చి వేశాను, మజ్జిగన్నం పెట్టాను. నాలుగో రోజు అక్క పడిపోయింది. తణుకులోనే ఆసుపత్రిలో చేర్పిస్తే, పేగుకి చిల్లు పడిందన్నారు. "మొదటి రోజే రాజమండ్రికి చెప్పాల్సిందండి. స్టెరాయిడ్ ఇస్తే ఆగేదేమో" అన్నాడు డాక్టరు. మర్నాడు అక్క పోయింది.

తర్వాతి మంగళవారం ఆరింటికి ఫోన్ మోగింది. ఆ అమ్మాయికింకా తెలియదు.

"అమ్మగారికి ఎలా ఉందండి?"

ఎదురుగా ఖాళీ మంచం. నోరు దానంతటది పలికింది. "బాగానే ఉందండి."

డాక్టరు అన్న మాట తెలిసి మేనకోడలు రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళి గొడవ పెట్టుకుంది. తాను అడిగానని ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పిందట. మేనకోడలు నా దగ్గరకొచ్చి, "నిజంగా అడిగిందా మావయ్యా?" అంది.

"గుర్తులేదమ్మా" అన్నాను.

మంగళవారం దీపం వెలిగించేటప్పుడు ఇప్పటికీ ఆ మంచం వైపు చూడలేను.

అడిగిందమ్మా. ఎన్నిసార్లని కూడా అడిగింది. మీ అమ్మ ఆరు వేళ్ళు చూపించింది. నేను చూశాను.