కుర్చీలో లేని ఫార్మసిస్టు

వెనింగ్ అంటే జావా మాటలో తేటనీరు. ఆ పేరు పెట్టిన తాతకు మనవరాలి ముక్కుమీది కోపం సంగతి అప్పటికి తెలిసే వీల్లేదు. పెకలోంగన్ బజారులో వాళ్ళమ్మ అరటాకుల్లో అన్నం, కొబ్బరి కలిపిన పనసపొట్టు మెగోనో కట్టి అమ్మేది. నిన్నటి కూరేనా అని ఎవరైనా వెక్కిరిస్తే చాలు, పక్కన కూర్చుని చదువుకుంటున్న పిల్ల చివాలున లేచేది.

"తిని చెప్పు. తినకుండా కూయకు."

"నోరు తగ్గించవే తల్లీ, గిరాకీ పోతుంది" అని తల్లి నెత్తి కొట్టుకునేది.

అలాంటి పిల్ల సెమరాంగ్ వెళ్ళి విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివింది. మొదటి ఏడంతా కల్వంలో మందు నూరడం, కంటి కొలతతో సమానంగా పంచడం, కాగితప్పొట్లాలు కట్టడం. మడత వంకరపోతే మళ్ళీ మొదటికి. ఆ తర్వాత ఆకులూ వేళ్ళూ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడడం, బిళ్ళ నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతుందో గమనించడం, కాలేయం ఏ మందును ఎలా విరుస్తుందో వల్లె వేయడం. ఆఖర్లో రోగితో మాట్లాడడం నేర్పేవారు. ఒకరు రోగి వేషం కడితే ఇంకొకరు బల్లకు ఇవతల కూర్చుని అడగాలి. ఈ మందు ఎందుకని చెప్పారు? ఎలా వేసుకుంటున్నారు? ఎన్నాళ్ళుగా వాడుతున్నారు? వెనింగ్‌కు అన్నిట్లో మంచి మార్కులే, ఈ ఒక్కదానిలో తప్ప.

"నువ్వు అడగడం లేదమ్మా, ఠాణాలో కూర్చోబెట్టి గద్దిస్తున్నావు" అనేవాడు సుబగ్యో మాస్టారు. క్లాసు గొల్లుమనేది.

చదువు అయ్యాక ఇంకో ఏడాది బయట పని నేర్చుకోవాలి. ఆసుపత్రిలో కొన్నాళ్ళు, మందుల ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు, మందుల దుకాణంలో కొన్నాళ్ళు. దుకాణం వంతు సొంత ఊళ్ళోనే వచ్చింది. ఉత్తరాన, సముద్రపు పోటు ఎక్కినప్పుడల్లా మురుగు కాల్వ పొంగే వీధిలో ఆ దుకాణం. గుమ్మం మీద పెద్ద బోర్డు. దాని మీద ఆకుపచ్చ అక్షరాలతో ఫార్మసిస్టు పేరు: హెర్లీనా. వెనింగ్‌కు పని నేర్పాల్సింది ఆవిడే.

మొదటి రోజు వెళితే కౌంటర్ వెనక గాజు గది ఉంది, గదిలో కుర్చీ ఉంది, కుర్చీ మీద దగ్గు మందు సీసాల అట్టపెట్టెలు ఉన్నాయి.

"మేడం ఎప్పుడొస్తారు?" అని అడిగింది వెనింగ్.

దుకాణం యజమాని జునైది పళ్ళు కుట్టుకుంటూ నవ్వాడు. ఆయన పూర్వం బట్టల వ్యాపారి. "నెలకోసారి వస్తుందమ్మాయ్. సంతకాలు పెడుతుంది, టీ తాగుతుంది, పోతుంది."

"మరి నాకు నేర్పేదెవరు?"

"అరలున్నాయిగా, చూసి నేర్చుకో. కౌంటర్ దగ్గర పిల్లలున్నారుగా, వాళ్ళని చూసి నేర్చుకో. అన్నీ మేడమే చెప్పాలంటే దేవుడు నీకు కళ్ళెందుకిచ్చాడు?"

ఆ పూటే ఆమెకు ఒళ్ళు మండింది. విశ్వవిద్యాలయంలో పని శిక్షణ చూసే ఆయనకు ఫోన్ చేసింది. "సర్దుకో వెనింగ్. ఎక్కడైనా అంతే. దుకాణాలు దొరకడమే కష్టంగా ఉంది" అన్నాడాయన. సర్దుకోవడం అనే మాట వింటేనే ఆమెకు పళ్ళు కొరకాలనిపించేది. అయినా సర్దుకుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి అరలు తుడిచింది. ముఖం తెల్లబడే క్రీములు అమ్మింది. కుర్చీ మీది పెట్టెలను రోజూ దించేది. మర్నాటికి ఎవరో మళ్ళీ అక్కడే పెట్టేవారు.

ఆ దుకాణంలో ఎక్కువ గిరాకీ కలగలుపు పొట్లాలకు. వేలెడంత ప్లాస్టిక్ సంచిలో ఒక నొప్పి బిళ్ళ, ఒక దురద బిళ్ళ, వాటితో పాటు ఒక డెక్సా. డెక్సా అంటే స్టెరాయిడ్. డాక్టరు రాయనిదే ఇవ్వకూడని మందు. చుట్టుపక్కల బాతిక్ అద్దకం పనివాళ్ళంతా అవే కొనేవారు. పొద్దున ఒకటి వేసుకుంటే నడుం లేస్తుంది, చేతుల దురద ఆగుతుంది, ఆకలి పుడుతుంది. అంతకన్నా ఏం కావాలి?

"ఇవి ఇలా అమ్మకూడదు" అంది వెనింగ్.

"నువ్వు అమ్మకు. నేను అమ్ముతా" అన్నాడు జునైది.

దర్యుమి అనే ఆవిడ అద్దకం శాలలో రంగుల తొట్ల దగ్గర పనిచేసేది. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా నీలం దిగిపోయి, చర్మం ఎండిన మడిలా బీటలు వారి ఉండేది. మనిషి మాత్రం గుండ్రటి ముఖంతో నిగనిగలాడేది. ఒళ్ళు చేసింది, కలిసొచ్చింది అని వాడవాళ్ళు మెచ్చుకునేవారు. ఆ ముఖం చూడగానే వెనింగ్‌కు చదివిన పాఠం గుర్తొచ్చింది. చంద్రబింబంలాంటి ముఖం కవులకు అందం కావచ్చు. ఫార్మసీ పుస్తకంలో మాత్రం అది డెక్సా ఏళ్ళ తరబడి మింగినవాళ్ళ గుర్తు. జారిన పైగుడ్డ కింద, రంగు అంటని భుజం మీద కమిలిన మచ్చలు కూడా కనిపించాయి.

"రెండు రోజులకు సరిపడా ఇవ్వు తల్లీ, మోకాళ్ళు సతాయిస్తున్నాయి" అంది దర్యుమి.

ఇన్నాళ్ళుగా దిగమింగిందంతా వెనింగ్ గొంతులోకి వచ్చేసింది. కౌంటర్ పిల్ల అందిస్తున్న పొట్లాలను మధ్యలోనే లాక్కుంది.

"పెద్దమ్మా, ఇది మందు కాదు, విషం. ఎముకలు గుల్ల చేస్తుంది. నీ ముఖం చూసుకున్నావా? అది బలం కాదు, వాపు! ఇంక ఒక్క బిళ్ళ ముట్టుకోకు. ఇంట్లో ఉన్నవి కూడా కాల్వలో పారేయ్!"

చేతిలోవి తనే తీసుకెళ్ళి మురుగు కాల్వలో విసిరేసింది. దుకాణంలో అందరూ నోళ్ళు తెరిచారు. దర్యుమి భయపడిపోయింది.

"చదువుకున్న పిల్లవి, నువ్వు చెబితే వినకుండా ఉంటానా? మానేస్తాలే" అంది.

జునైది చిందులు తొక్కాడు. వెనింగ్ లక్ష్యపెట్టలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి కడుపునిండా తింది. చాలా రోజుల తర్వాత తన చదువుకు ఒక పని దొరికిందనుకుంది.

వారం తిరగకుండానే దర్యుమి కోడలు ఖోలిపా దుకాణానికి పరుగున వచ్చింది. చంకలో బిడ్డ, కాళ్ళకు చెప్పుల్లేవు.

"అక్కా, నువ్వేనా మా అత్తను మందు మానమన్నది? మంచం దిగడం లేదు. మంచినీళ్ళు తాగినా కక్కేస్తోంది. లేపి కూర్చోబెడితే కళ్ళు తేలేస్తోంది. ఏదన్నా ఇవ్వు."

వెనింగ్ అరల వైపు చూడలేదు, రిక్షా కోసం వీధిలోకి ఉరికింది. సుబగ్యో మాస్టారు బల్ల గుద్ది మరీ చెప్పిన పాఠం అది. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథి నిద్రపోతుంది. మందు ఒక్కసారిగా ఆపితే ఆ గ్రంథి లేవదు, మనిషి కూలిపోతాడు. మెల్లమెల్లగా, డాక్టరు కనిపెట్టి చూస్తుండగా, దించుకుంటూ రావాలి. పరీక్షలో ఆ ప్రశ్నకు ఆమె తడుముకోకుండా జవాబు రాసింది. దర్యుమిని మాత్రం ఎన్నాళ్ళుగా వాడుతున్నావని కూడా అడగలేదు.

మోటారు రిక్షా మాట్లాడి దర్యుమిని ఆసుపత్రికి చేర్చారు. దారంతా ఆమె తల వెనింగ్ ఒళ్ళోనే ఉంది. ఒళ్ళు చల్లగా, చెమటతో తడిగా ఉంది. ఆ పొట్లాలు ఏళ్ళుగా వాడుతోందని కోడలు చెప్పింది. డ్యూటీ డాక్టరు వాంతులు, విరేచనాల సంగతి అడుగుతుంటే వెనింగ్ అడ్డుపడింది.

"ఏళ్ళుగా డెక్సా వాడింది డాక్టర్. ఈ వారంలోనే ఒక్కసారిగా ఆపేసింది."

"ఎవరు ఆపమన్నారు?"

"నేనే."

డాక్టరు ఆమె కోటు మీది విశ్వవిద్యాలయం ముద్ర చూశాడు. నర్సు వైపు తిరిగి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, సెలైన్ తెమ్మన్నాడు. సాయంత్రానికి దర్యుమి కళ్ళు తెరిచి, కోడలిని బిడ్డ తిందా అని అడిగింది. వెనింగ్ వరండాలోకి వెళ్ళి గోడకు నుదురు ఆనించి ఏడ్చింది. ఏడుపు అయ్యాక కోపం మిగిలింది. ఈసారి దానిలో తన వాటా కూడా ఉంది.

మర్నాడు దుకాణంలో హెర్లీనా కనబడింది. బోర్డు మీది మనిషిని వెనింగ్ చూడడం అదే మొదలు. నలభై ఏళ్ళుంటాయేమో, అలసిపోయిన ముఖం. తెగల్‌లో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతుందట. కుర్చీ మీది పెట్టెలు అప్పటికే మాయమయ్యాయి.

"కూర్చో అమ్మా" అంది. "ఆవిడ బతికింది కదా, దేవుడి దయ. ఇంక ఈ మాట బయటికి పోనివ్వకు. నీ మార్కుల సంగతి నేను చూసుకుంటా. తప్పు నీది కూడా ఉంది, మరిచిపోకు."

"నాదే మేడం. నా తప్పు నేను చెప్పుకుంటా. కానీ నా నోరు నొక్కి, ఆగు, ముందు అడుగు అని చెప్పాల్సిన మనిషి ఈ కుర్చీలో ఉండాలి కదా?"

హెర్లీనా చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది. "నేను చదువుకునేటప్పుడు నన్నూ ఇలాంటి దుకాణానికే పంపారు. అక్కడా కుర్చీ ఖాళీయే. ఇద్దరు పిల్లలు, ఒక్క ఉద్యోగంతో గడవదు. అందరూ చేసేదే నేనూ చేస్తున్నా."

"అయితే ఖాళీ కుర్చీ పక్కన నిలబడడం ఎలా ఉంటుందో మీకు తెలుసన్నమాట!" వెనింగ్ గొంతు వీధిలోకి వినబడింది. "తెలిసీ నన్ను నిలబెట్టారు. తెలియని జునైది గారి మీద నాకింత కోపం లేదు. మీరు చదివారు. నేను చదివిన పాఠమే చదివారు!"

"నెమ్మదిగా మాట్లాడమ్మాయ్, గిరాకీలున్నారు" అన్నాడు జునైది బయటి నుంచి.

"ఉండనివ్వండి. విననివ్వండి."

ఆమె విశ్వవిద్యాలయానికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది, తన తప్పుతో సహా. జిల్లా ఆరోగ్య కార్యాలయంలోనూ చెప్పింది. పని శిక్షణ చూసే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. పర్యవేక్షణ లేకుండా రోగికి సలహా ఇచ్చినందుకు ఆమెకు హెచ్చరిక ఇచ్చారు. దుకాణంలో చేసిన శిక్షణ చెల్లదన్నారు. తర్వాతి బ్యాచ్‌తో మళ్ళీ చేయాలి, అంటే తోటివాళ్ళంతా ఫార్మసిస్టులుగా ప్రమాణం చేసి పట్టాలు పుచ్చుకునే రోజున ఆమె ఇంట్లో అమ్మ పక్కన పనసకాయ తరుగుతూ కూర్చోవాలి. అలాగే కూర్చుంది. ఆరోగ్య కార్యాలయం వాళ్ళు దుకాణానికి తాళం వేశారు. వానలు వెలిశాక తాళం తీశారు. బోర్డు మీద ఇంకెవరిదో పేరు వచ్చింది, కుర్చీ మాత్రం మళ్ళీ ఖాళీయే. వెనింగ్ ఆ రోజు అన్నం ముట్టలేదు.

దర్యుమికి డాక్టరు మందు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాడు. వెనింగ్ వారం వారం ఇంటికి వెళ్ళి చూసొచ్చేది. ఒకరోజు మామిడికాయ ఉప్పు కారం అద్దుకుని తింటూ దర్యుమి విసుక్కుంది.

"ముఖం వాపు దిగింది, సరే. మోకాళ్ళ నొప్పి తిరిగొచ్చింది. చేతులు రాత్రంతా గోక్కుంటున్నా. నీ చదువు నా నొప్పి తీసిందా, నా మందు లాక్కుందా?"

వెనింగ్ ఆ చేతులను వెలుగులోకి తిప్పి చూసింది. ఆ దురద పుట్టింది రంగు తొట్ల దగ్గరే. మర్నాడు అద్దకం శాలకు వెళ్ళింది. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఉత్త చేతులను రంగు తొట్లలో ముంచుతున్నారు. వాళ్ళకు రబ్బరు తొడుగులు ఎందుకు కొనివ్వవని యజమానిని నిలదీసింది. ఆయన నవ్వాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆయన నవ్వలేదు, గేటు వేయించాడు. గేటు బయటే నిలబడి, లోపలి ఆడవాళ్ళకు వినబడేలా, ఆ రంగులు చర్మాన్ని ఏం చేస్తాయో ఒక్కొక్కటే చెప్పింది. ఈసారి అరవలేదు. అప్పటికి మళ్ళీ పనిలోకి వచ్చిన దర్యుమి లోపలి నుంచి అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆగి జవాబు చెప్పింది.

చివరికి తొడుగులు వచ్చాయి, నాసిరకానివి. చేతులకు చెమట పడుతోందని సగం మంది తీసేశారు. మరుసటి ఏడు వెనింగ్ పట్టా పుచ్చుకుని, అదే వాడ చివరి ఆరోగ్య కేంద్రంలో చేరింది. ఒకరోజు మధ్యాహ్నం విరామంలో దర్యుమి, ఆమె వెనక ఇంకో ఇద్దరు అద్దకం ఆడవాళ్ళు వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. తొడుగులు చిరిగిపోయాయి, యజమాని కొత్తవి ఇవ్వనంటున్నాడు అన్నారు.

"పదండి" అంది వెనింగ్, చెప్పులు తొడుక్కుంటూ. "ఈసారి శాలకు అందరం కలిసే వెళదాం."