మీరాలం చెరువులో నేను పట్టుకోని మోకు

1974 ఆగస్టు 9, శుక్రవారం సాయంత్రం ఐదుంబావుకు వాళ్ళు తమ పడవను మా పడవకు ఆనించి కట్టుకున్నారు. మొదలైంది అప్పుడే.

మీరాలం చెరువులో గుర్రపుడెక్క తీసే పనికి కాంట్రాక్టరు మా గూటిపడవను గోదావరి నుంచి లారీలో తెప్పించాడు. మా ఆయన దాన్ని నడిపే సరంగు. కిషన్‌బాగ్ వైపు, గాలి తగలని మూలలో లంగరు వేసి పడవలోనే కాపురమున్నాం. వచ్చినవాళ్ళు దబీర్‌పురా దంపతులు, అదే పనికి. సాయంత్రాలు నలుగురం మా పడవలోనే తినేవాళ్ళం.

"అక్కా, నీ పులుసుల పడవ నడపొచ్చు," అనేవాడతను.

"మీ ఆవిడ రొట్టె లంగరుకు పనికొస్తుందిలే," అనేదాన్ని. అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వేది.

పక్కన కట్టుకున్నవాడు తన లంగరు కూడా దించాలి. మా పడవలవాళ్ళ పద్ధతి అది. బురద కడుక్కోవడానికి బద్ధకించి అతను దించేవాడు కాదు. ఎన్నిసార్లు చెప్పానో.

"గింత చెరువుల తుఫానొస్తదా? ఫికర్ జెయ్యకు."

దసరా ముందు గాలివాన వచ్చింది. రెండు పడవల బరువుకి మా ఒక్క లంగరు జారింది. కట్ట రాళ్ళకు మా పడవ నలిగింది. మమ్మల్ని ఆనుకున్న అతని పడవకు గీత పడలేదు.

"వాళ్ళ లంగరే జారింది సార్, నేనేం జేస్త?" అన్నాడు కాంట్రాక్టరుతో. మా ఆయన్ని సరంగు పని నుంచి తీసి డెక్క మోసే కూలీగా పెట్టారు. అడుగుకు రేకు కొట్టి, కదలని ఆ పడవలోనే ఉన్నాం.

మరుసటి జూన్‌లో, గాలి లేచిన ఒక సాయంత్రం, అతను పడవ తోసే వెదురుగడ విరిగింది. భార్యతో సహా మా ముందు నుంచి కొట్టుకుపోతూ మోకు విసిరాడు.

"అక్కా, పట్టు! జల్ది!"

విసిరిన మోకును పగవాడిదైనా పట్టుకోవాలి. అదీ మా పద్ధతే. మోకు నా పాదం పక్కనే పడింది. చేతులు ఖాళీగానే ఉన్నాయి. అది జారి నీళ్ళలోకి పోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

"ఏంది అక్కా, గిట్ల జేస్తివి!"

"నీ లంగరు వెయ్యవయ్యా," అన్నాను.

అతని లంగరు ఒడ్డున తుప్పు పడుతోంది. పడవ అవే రాళ్ళకు తగిలి రెండుగా విరిగింది. తడిసిన బట్టలతో కట్ట ఎక్కి ఆవిడ నావైపు ఒక్కసారి చూసింది. మళ్ళీ మాట్లాడలేదు. ఇప్పుడు విసిరినా పట్టుకోను.

పోయినవి: మా వైపు ఒక పడవ అడుగు, మా ఆయన సరంగు పని. వాళ్ళ వైపు ఒక పడవ, ఒక కిరసనాయిలు పొయ్యి, రెండు కోళ్ళు. రెండు వైపులా, సాయంత్రం భోజనాలు.