బండిని పడుకోబెట్టే పద్ధతి

మా చిన్నాన్న కిందటి వారం మంగళవారం పొద్దున పోయారు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు పూజగదిలో వత్తి సరిచేస్తున్నాను. విన్నాను. వత్తిని అలాగే వదిలేశాను. మైల వచ్చింది, ఇక పది రోజులు దీపం లేదు.

చూడవచ్చిన వాళ్లందరూ ఆయనను శాంతమూర్తి అన్నారు. ఒక పెద్దమనిషి అయితే ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అన్నాడు. చిన్నాన్న లేచి వినుంటే ఆ పెద్దమనిషి కింద కుర్చీ లాగేసేవారు. మమ్మల్ని చిన్నాన్న రోజూ మాటలన్నారు. మేం అనిపించుకోదగ్గవాళ్లమే. పోయినవాళ్ల మీద పంచదార చల్లడం నాకు చేతకాదు. అందుకే ఇది రాస్తున్నాను.

చిన్నాన్న ఇక్కడ మలేషియాలో, బటాంగ్ బెర్జుంటై రబ్బరు ఎస్టేటులో లారీలు, ట్రాక్టర్లు బాగుచేసే ఫిట్టర్. రబ్బరు పోయి పామాయిల్ వచ్చినా ఆయన స్పానర్లు మారలేదు. మేం క్లాంగ్ పట్నానికి వచ్చాక ఆయనా మా పక్క వీధికే వచ్చారు. మా నాన్న మిగిల్చి పోయింది ఒక్క మోటార్‌సైకిల్. ఎస్టేటు ఎర్రమట్టిలో నన్ను బడికి దింపిన బండి. అది తమ్ముడికి వచ్చింది. తమ్ముడిది ఓడ మీద పని. పోర్ట్ క్లాంగ్‌లో ఎక్కితే తొమ్మిది నెలలకు దిగుతాడు. అన్నాళ్లూ బండి మా ఇంటి ముందు రేకుల కింద ఉంటుంది. అది ఆగిపోతే నాన్న రెండోసారి పోయినట్టే నాకు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. చిన్నాన్నకు మాత్రం తెలుసు.

ఆరేళ్ల కిందట తమ్ముడు ఒక సీసా తెచ్చాడు. ఫ్యూయెల్ స్టెబిలైజర్. నిలవ ఉన్న పెట్రోల్ పాడవకుండా ట్యాంకులో కలిపే మందు. సీసా మీద మంచుకొండ బొమ్మ. ఓడలో పనిచేసే చలిదేశపు మనిషి చెప్పాడట, వాళ్ల ఊళ్లో చలికాలం ముందు అందరూ ఇది పోసి బండిని షెడ్డులో పెట్టేస్తారని.

"ఇక్కడ మంచెక్కడుందిరా? బండిని ఫ్రిజ్జులో ఎడతావేటి?" అన్నారు చిన్నాన్న.

"మంచుకి కాదు సిన్నాన్నా! పెట్రోల్ పాడైపోకుండా."

"అయితే సీసా మంచిదే. పోసే సెయ్యి ఏపాటిదో సూడాలి."

చూశారు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తమ్ముడు సీసా మొత్తం ఒంపాడు. మూత బిగించాడు. ఇంజిన్ స్టార్ట్ కూడా చెయ్యలేదు. హ్యాండిల్‌కు దండ వేశాడు, హెడ్‌లైటుకు పసుపూ కుంకుమా పెట్టాడు, చక్రం కింద నిమ్మకాయ తొక్కించాడు. నేను హారతి ఇచ్చాను. చిన్నాన్న ప్లాస్టిక్ కుర్చీలో కూచుని టీ తాగుతూ ఒక్క మాట అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే భయపడాలి. అప్పటికి నాకు అది తెలియదు.

తొమ్మిది నెలలకు తమ్ముడు దిగాడు. కిక్ కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. చెప్పు తెగింది.

"ఏటిరా, మంచింకా కరగలేదా?" కుర్చీలోంచి గొంతు.

తరువాత ఆయనే కార్బ్యురేటర్ విప్పారు. అడుగు గిన్నెలో పెట్రోల్ ఎండి గోధుమరంగు జిగురై ఉంది. ట్యాంకు లోపల పైభాగమంతా తుప్పు. జిగురు వేలితో తీసి తమ్ముడి ముక్కు కింద పెట్టారు.

"పెసాదం. కళ్లకద్దుకో." నా వైపు తిరిగారు. "నువ్వూ తీసుకో పెద్దమ్మాయ్. హారతిచ్చినావు కదా."

"తెలిసీ ఆ రోజు చెప్పలేదేం?" అన్నాను.

"సెప్తే ఇనే మొహాలా మీవి? ట్యాంకులో పోసిన మందు ఇంజిన్లోకి దానంతటదే నడిసెల్తాదా? నీ కుంకుమా ఎల్దు."

మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున జపంలో ఉండగా బయట బండి మోగింది. నాన్న బండి. నేను జపం మధ్యలో లేచింది ఆ ఒక్కసారే.

అప్పటినుంచి తమ్ముడు ఓడ ఎక్కే ముందు ప్రతిసారీ బండిని చిన్నాన్నే పడుకోబెట్టారు. నన్ను పక్కన నిలబెట్టుకునేవారు. ట్యాంకు అంచుదాకా నింపాలి, ఖాళీ ఉంచితే మన ఉక్కకు నీరు చేరుతుంది. మందు కొలిచి పోయాలి. "ఎక్కువ పోస్తే ఎక్కువ పుణ్యం రాదు." పది నిమిషాలు తోలాలి, మందు కలిసిన పెట్రోల్ కార్బ్యురేటర్ దాకా చేరాలి. అప్పుడు ఇంజిన్ ఆడుతుండగానే ట్యాంకు కిందున్న పెట్రోల్ ట్యాప్ మూసెయ్యాలి.

"తాళం ముట్టుకోకు. గిన్నెలో ఉన్నది తాగి అదే ఆగుతాది. ఆగే ముందర ఒకపాలి జోరుగా తిరుగుతాది. బాగుందనుకోకు."

రెండేళ్ల కిందట ఒకసారి నా చేత చేయించారు. "పర్వాలేదు. మీ తమ్ముడి కంటే నయం," అన్నారు. నేను నవ్వబోయాను. "అదేం గొప్ప కాదు," అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది అంతే. నాకది చాలింది.

ఈసారి తమ్ముడు సెలవులో ఉండగానే ఆయన ఆసుపత్రిలో పడ్డారు. పోయే ముందు రోజు, సోమవారం సాయంత్రం, లేచి కూచున్నారు. టీ అడిగారు. టీలో పాలెక్కువని నర్సును తిట్టారు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. "సిన్నాన్నకి తగ్గిపోనాది అక్కా!" చిన్నాన్న వాణ్ని చూసి పెదవి విరిచారు. తరువాత నన్ను చూశారు.

"బండిని వాడి సేతిలో ఎట్టకు," అన్నారు.

ఆయన పోయిన తొమ్మిదో రోజున తమ్ముడు ఓడ ఎక్కాలి. పొద్దునే సీసా పట్టుకుని బండి ముందు నిలబడ్డాడు.

"అక్కా, మైల కదా. దండెయ్యకూడదు, నిమ్మకాయ ఎట్టకూడదు. మరింకేటి సెయ్యను?"

ఐదేళ్లుగా ఈ పని ఇదే చోట జరిగింది. వాడు ఒక్కసారీ కుర్చీ పక్కన నిలబడి చూడలేదు. నేను అందరి కోసం ప్రార్థించే మనిషిని. ఆ పూట వాడి కోసం నా దగ్గర ఒక్క మంచి మాట లేదు. సీసా లాక్కున్నాను.

"జరుగు."

పెట్రోల్ బంకుకు నేనే తోలుకెళ్లి అంచుదాకా నింపించాను. మందు కొలిచి పోశాను. మా వీధులన్నీ తిరిగాను. చిన్నాన్నను శాంతమూర్తి అన్న పెద్దమనిషి గేటు దగ్గర నిలబడి, మైలలో ఉన్న ఆడమనిషి బండి తోలడమేమిటన్నట్టు చూశాడు. చూడనీ. గుడి వీధిలోకి మాత్రం తిరగలేదు.

తిరిగి వచ్చి బండి నిలబెట్టి, ట్యాప్ మూశాను. తమ్ముడు తాళం మీదకు చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు."

చెయ్యి తీసేశాడు. ఇంజిన్ కాసేపు మామూలుగానే ఆడింది. ఉన్నట్టుండి జోరందుకుంది.

"బాగానే ఉంది కదక్కా," అన్నాడు.

జోరు తెగింది. రెండుసార్లు దగ్గింది. ఆగింది.

వేడెక్కిన ఇనుము చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. అది ఆగేదాకా, ప్లాస్టిక్ కుర్చీ పక్కన, ఇద్దరం నిలబడే ఉన్నాం.