చిగురు మీద బుడిపె, ఊరికే ఒక టెస్టు

ఆ రోజుల్లో నా నోట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసేది కాదు గానీ, భీమవరం చుట్టుపక్కల ఏ చెరువులో ఏ రొయ్యకి ఒంట్లో బాగోలేదో మాత్రం గట్టు మీద నుంచే చెప్పేసేవాణ్ణి. మేత కంపెనీలో టెక్నీషియన్‌ని. ఇరవై నాలుగేళ్ళ వయసు, ఒక బైకు, బోలెడంత గీర. నా దగ్గరున్న మందల్లా ఒకే ఒక్క మాట, ‘ఊరికే’. రొయ్య పెంకు మీద తెల్లమచ్చ కనబడిందంటే చెరువంతా నాలుగు రోజుల్లో చచ్చిపోతుందన్నమాట. రైతు మొహం చూస్తే నిజం చెప్పబుద్ధయ్యేది కాదు. నాలుగు రొయ్యల్ని సీసాలో వేసుకుని, "ఊరికేనండి, ఓసారి ల్యాబ్‌కి పంపుదాం" అనేసి బండెక్కేవాణ్ణి. పంట పోయినట్టేనని తెలిసీ అనేవాణ్ణి. అది దయ అనుకునేవాణ్ణి (పిరికితనమని తర్వాత తెలిసింది లెండి).

ఒకసారి గట్టు మీద కాలు జారి, నీళ్ళు చిలికే ఏరేటరు ఇనప చట్రానికి నా ముందుపన్ను ఠంగున కొట్టుకుంది. రెండ్రోజులు సలిపి ఊరుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ పన్ను నల్లబడుతోంటే టీలు ఎక్కువయ్యాయనుకున్నాను. ఆనక దాని పైన చిగురు మీద శనగగింజంత బుడిపె లేచింది. నొప్పి లేదు కదా అని ఉప్పునీళ్ళు పుక్కిలించాను, లవంగనూనె రాశాను, చివరికి అద్దం ముందు నిలబడి పిన్నీసుతో పొడిచాను. (చెరువులో తోచిన మందల్లా చల్లే రైతులకి గంటసేపు క్లాసు పీకేవాణ్ణి నేనే.) మర్నాటికి పైపెదవి గారెలా పొంగింది.

ఎండైనా వానైనా గొడుగు వదలని ఒక రైతు ఉండేవారు, మేమంతా గొడుగు బాబాయి గారనేవాళ్ళం. నన్ను చూడగానే ఆయన గొడుగు మూసేశారు.

"ఏంటండీ ఆ మూతి?"

"ఏం లేదండి, చిన్న గడ్డ."

"ఆయ్, చిన్నదే. మా రొయ్య మేత మానేస్తే మీరు ఊరుకుంటారా మమ్మల్ని? పదండి ఆస్పత్రికి."

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, పంటి వేరు చివర గుండ్రటి నల్లమచ్చ చూపించింది. "దెబ్బ తగిలినప్పుడే ఈ పన్ను లోపల చచ్చిపోయిందండి. వేరు దగ్గర తిత్తి కట్టి ఎముకని తినేస్తోంది. రూట్ కెనాల్ చేసి, తిత్తి తీసేస్తాను. పన్ను నిలబడుతుంది" అంది. ముందు వాపు తగ్గడానికి మందులిచ్చి, తర్వాత రూట్ కెనాల్ చేసి, ఆ పై వారం మత్తిచ్చి తిత్తి తీసి కుట్లేసింది. అంతవరకూ ధైర్యంగానే ఉన్నాను. అప్పుడావిడ ఆ తీసిన ముక్కని చిన్న సీసాలో వేసి మూత బిగించింది.

"ఎందుకండీ అది?" అన్నాను, మత్తు పెదవితో.

"ల్యాబ్‌కండి. ఊరికే."

అదే సీసా. అదే మాట. ఆ మాట ఎంత మెత్తగా అనాలో, అనేటప్పుడు ఎదుటివాడి కళ్ళలోకి ఎందుకు చూడకూడదో నాకంటే తెలిసినవాడెవడు? (ఆవిడ కూడా చూడలేదు. గ్లవుజులు విప్పుకుంటోంది పాపం.) క్యాన్సరే, ఇంక సందేహం లేదు, డాక్టరమ్మ చెప్పలేకపోతోంది అనుకున్నాను. రిపోర్టుకి పది రోజులు పడుతుందంది. ఆ పది రోజులూ అమ్మ ఫోన్ చేస్తే "కుట్లు లాగుతున్నాయే" అని పెట్టేసేవాణ్ణి. చల్లటి గంజి తాగుతూ గోడకేసి చూసేవాణ్ణి. నా బైకు తమ్ముడికి రాసిచ్చేయాలనుకున్నాను. ఏడవడానికి కూడా భయమే, కుట్లు ఊడతాయని.

పదో రోజున బాబాయి గారే తీసుకెళ్ళారు. డాక్టరమ్మ కాగితం తీసి చదివింది. "మామూలు తిత్తేనండి, భయం లేదు. ఏది తీసినా టెస్టుకి పంపడం మా పద్ధతి. ఇకమీదట పంటికి దెబ్బ తగిలితే నొప్పి లేకపోయినా చూపించుకోండి. ఆరు నెలలకోసారి రండి. రాత్రి పళ్ళు తోముకుని పడుకోండి. పిన్నీసు మాత్రం దేనికైనా వాడుకోండి, నోట్లో వద్దు" అంది. బయటికొచ్చి మెట్ల మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నా భయమంతా బాబాయి గారికి చెప్పేశాను. ఊరికే అంటే నిజంగానే ఊరికే అని నాకు తట్టలేదండి, అన్నాను.

ఆయన గొడుగు మూసి నా పక్కనే మెట్టు మీద కూర్చున్నారు.

"మీరు ఊరికే అన్నప్పుడల్లా చచ్చేలోగా ఉన్న రొయ్యనైనా పట్టించేసుకుందామని మేం వలలోళ్ళకి ఫోన్ చేసుకునేవోళ్ళమండి" అన్నారు నెమ్మదిగా. "మీ బండి మలుపు తిరిగాకే చేసేవోళ్ళం. కుర్రోడు చెప్పలేక అవస్థ పడుతున్నాడు, మన మొహం చూస్తే ఇంకా బాధపడతాడని."

ఇన్నాళ్ళకీ తలుచుకుంటే సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. చేతిలో సీసాతో, ఊరందరినీ కాపాడేస్తున్నానన్న ధీమాతో బండి తోలుకుపోయే ఆ కుర్రాడు కనబడతాడు. వాడు మలుపు తిరిగేదాకా గట్టు మీద ఓపిగ్గా చెయ్యూపుతూ నిలబడ్డ రైతులూ కనబడతారు.